ఆకుపచ్చ వైరు అంత సన్నగా ఎందుకు?

సంపాదకుడు గారికి,

పోయిన నెల మా చెల్లెలు వాళ్లు కొనుక్కున్న కొత్త ఫ్లాటులో గీజరు బిగించడానికి వెళ్లాను. పాతికేళ్లుగా నేను వైరింగ్ పనే చేస్తున్నాను. బోర్డు విప్పితే ఫేజు (కరెంటు తెచ్చేది), న్యూట్రల్ (వెనక్కి తీసుకెళ్లేది) వైర్లు 4 స్క్వేర్ ఎంఎం (లోపలి లోహం అడ్డుకోత వైశాల్యం), మంచి రకం. పక్కనున్న ఆకుపచ్చ ఎర్త్ వైరు మాత్రం 1 స్క్వేర్ ఎంఎం. అదేంటని అడిగితే అక్కడి ఎలక్ట్రీషియన్ "ఎర్త్‌లో కరెంటు పారదు కదండీ, లావు వైరెందుకు?" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రి నాకు చెప్పిందీ అదే.

మామూలు రోజుల్లో పారదు, నిజమే. గీజరు లోపల కాయిల్ పగిలి కరెంటు గీజరు బాడీకి, అంటే దాని లోహపు భాగాలకు తగిలిందంటే (దీన్నే ఫాల్ట్ అంటాం) మాత్రం భారమంతా ఆ వైరు మీదే పడుతుంది. సొంత ట్రాన్స్‌ఫార్మరు ఉన్న అపార్ట్‌మెంట్లలో ఎర్త్, న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే కలుస్తాయి. అందుకని ఆ క్షణంలో వందల ఆంపియర్లు ఫేజులో వచ్చి ఎర్త్ గుండా వెనక్కి పోతాయి. రెండు వైర్లూ ఒకే సైజైతే 230 వోల్టులు చెరిసగం పంచుకుంటాయి, బాడీ మీద సుమారు 115 ఉంటాయి. ఎర్త్ వైరు ఫేజులో నాలుగో వంతే ఉంటే దాని రెసిస్టెన్స్ నాలుగు రెట్లు కాబట్టి బాడీ మీద దాదాపు 184 వోల్టులు నిలుస్తాయి. తడి చేత్తో కుళాయి తిప్పుతున్న మనిషిని తలచుకుంటే నాకు భయమేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. కరెంటు మితిమీరితే దానంతటదే లైను ఆపేసే స్విచ్ ఎంసీబీ. 20 ఆంపియర్ల సి-టైపు ఎంసీబీ ఖాయంగా వెంటనే పడాలంటే (ఆగిపోవాలంటే) 200 ఆంపియర్లు పారాలి. లైను పొడవుగా ఉండి ఎర్త్ సన్నగా ఉంటే అంత కరెంటు రాకపోవచ్చు. ఎంసీబీ పడేదాకా బాడీలో షాకు అలాగే ఉంటుంది. ఈలోగా ఎర్త్ వైరు కాగిపోయి, అదే పైపులో ఉన్న మిగతా వైర్ల ఇన్సులేషన్‌ను కూడా పాడుచేస్తుంది.

మన దేశ ప్రమాణాలు ఐఎస్ 3043, ఐఎస్ 732 ఇందులో సందేహానికి తావివ్వలేదు. రెండూ ఒకే లోహమైతే, ఫేజు వైరు 16 స్క్వేర్ ఎంఎం దాకా ఎర్త్ కూడా అంతే సైజు. 16 నుంచి 35 దాకా ఎర్త్ 16. ఆపైన ఫేజులో సగం. ఆ "సగం" పెద్ద కేబుళ్లకు చెప్పిన మాట, ఇంట్లో గీజరు లైనుకు కాదు. ఫాల్ట్ కరెంటు ఎంత, ఎంతసేపు పారుతుంది అని లెక్కకట్టి సైజు తగ్గించుకునే వీలు కూడా ప్రమాణాల్లో ఉంది. ఆ లెక్క వేసిన కాగితం నాకు మాత్రం ఇంతవరకు ఏ ఫ్లాటులోనూ కనిపించలేదు.

కరెంటు కాస్త దారి తప్పి ఎర్త్‌లోకి లీకైనా లైను ఆపేసే ఆర్‌సీసీబీ ఉందిగా అంటారు. ఉండాల్సిందే. విడిగా కట్టుకున్న ఇళ్లలో అయితే అదే ప్రాణాధారం. అక్కడ ఫాల్ట్ కరెంటు మట్టిలోంచి పోవాలి. దారిలో 10 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉన్నా పారేది 23 ఆంపియర్లే, దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే పడుతుంది. కానీ అదీ ఒక యంత్రమే, ఏదో ఒక రోజు మొరాయించవచ్చు. దాని టెస్ట్ బటన్ నొక్కి చూసుకునే ఇళ్లు ఎన్నున్నాయి? ఆర్‌సీసీబీ ఉందని ఎర్త్ వైరు సన్నగా వేయడం నాకు సమ్మతం కాదు.

ఇంతా చేస్తే సన్న ఎర్త్ వేసి ఒక ఫ్లాటుకు మిగుల్చుకునేది కొన్ని వేల రూపాయలు. ప్లాస్టరింగ్ అయ్యాక పైపుల్లోంచి కొత్త ఎర్త్ వైరు లాగడానికి మా చెల్లెలి ఇంట్లో నాకు మూడు రోజులు పట్టింది. రెండుచోట్ల గోడ పగలగొట్టాను.

కరెంటు కనెక్షన్ కోసం లైసెన్సు కాంట్రాక్టరు ఇచ్చే టెస్ట్ రిపోర్టులో ప్రతి లైనుకూ ఫేజు సైజు పక్కనే ఎర్త్ సైజు రాయాలని, ఎర్త్ లూప్ కొలత (ఫాల్ట్ కరెంటు వెళ్లి తిరిగొచ్చే దారి మొత్తం రెసిస్టెన్స్) కూడా చేర్చాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఫ్లాటు కొనేవాళ్లు ప్లాస్టరింగ్ కాకముందే ఒకసారి సైటుకు వెళ్లి చూడండి. సైజు వైరు మీదే అచ్చు వేసి ఉంటుంది.

ఇట్లు,
ఒక వైరింగ్ కాంట్రాక్టరు,
తెనాలి