99 పైసల భూమికి లెక్క ఏది?

సంపాదకులకు నమస్కారం.

విశాఖ ఐటీ కొండల మీద ఐటీ కంపెనీలకు ప్రభుత్వం 99 పైసల నామమాత్రపు ధరకు భూములు కేటాయించడం గురించి మీ పత్రికలో కథనం వచ్చి పది రోజులైంది. అప్పటి నుంచి బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వెళ్తే ఎవరి నోట విన్నా ఒకటే మాట: ఉద్యోగాలు వస్తున్నాయి, 99 పైసలకు ఇస్తే తప్పేమిటి? ప్రశ్నించినవాడు అభివృద్ధికి అడ్డుపడేవాడట! ముప్పై ఏళ్లు అర్థశాస్త్రం బోధించిన నాకు ఇది మింగుడుపడడం లేదు.

2025 ఏప్రిల్‌లో మంత్రివర్గం టీసీఎస్‌కు ఐటీ హిల్-3లో 21.16 ఎకరాలు ఇచ్చింది. అంటే లక్ష చదరపు గజాలకు పైనే. గజం పది వేలు అనుకున్నా వంద కోట్లు దాటుతుంది. చెప్పిన 12,000 ఉద్యోగాలకు పంచితే ఒక్కోదానికి సుమారు 85 వేల రూపాయలు. అది చౌక బేరమే కావచ్చు, నేను కాదనను. కానీ ఆ లెక్క వేసి చూపించవలసింది ప్రభుత్వం, రిటైరైన మాస్టారు కాదు. తర్వాత కాగ్నిజెంట్‌కు కాపులుప్పాడలో సుమారు 22 ఎకరాలు, 8,000 ఉద్యోగాలు. అక్కడ ఎకరాకు 560కి పైగా ఉద్యోగాలు, ఇక్కడ 360 చిల్లర. ధర మాత్రం రెండింటికీ 99 పైసలే. ఇదేమి లెక్క?

ఖజానా నుంచి రూపాయి కదలలేదు కాబట్టి ఖర్చు లేదనడం ఇంటర్ విద్యార్థి కూడా చేయకూడని తప్పు. ఆ స్థలాన్ని వేలం వేస్తే వచ్చే సొమ్ముతో మధురవాడకు ఎన్ని మంచినీటి గొట్టాలు, ఎన్ని మురుగు కాలువలు వచ్చేవో, మనం వదులుకున్నది అదే. దాన్నే అవకాశ వ్యయం అంటాం. మధ్యతరగతి మనిషి నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ప్లాటు కొనాలంటే వేలంలో గజం గజానికీ పోటీ పడాలి. మార్కెట్ ధరలో సగం అడిగి ఉంటే ఆ కంపెనీలు రాకపోయేవా? వచ్చే కొలువుల్లో కొత్తవెన్ని, బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి బదిలీ అయ్యేవెన్ని?

లెక్క చెప్పకపోవడం మన ఊళ్లో కొత్త జబ్బు కాదు. పెందుర్తి, సింహాచలం దారుల్లో బీఆర్‌టీఎస్ (బస్సులకు ప్రత్యేక దారి) కోసం ఏళ్ల తరబడి రోడ్లు తవ్వారు. పెట్టిన డబ్బుకు ప్రయాణికుడికి ఎన్ని నిమిషాలు మిగిలాయో చెప్పిన అధికారి నాకు ఇంతవరకు తారసపడలేదు. ఇప్పుడు 46.23 కిలోమీటర్ల మెట్రో అంటున్నారు.

తదుపరి కేటాయింపుకు ముందైనా భూమి మార్కెట్ విలువ, ఉద్యోగాలు ఇవ్వవలసిన గడువు, మాట తప్పితే స్థలం వెనక్కి తీసుకునే షరతు, ఈ మూడూ ఒకే కాగితం మీద తెలుగులో రాసి కలెక్టర్ కార్యాలయం గోడకు అంటించాలి. ఆ కాగితం ఎక్కడుందని మీ విలేకరులు అడగాలని నా విన్నపం.

— విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం