కరెంటు లేని చోటికి ఎందుకెళ్తామంటే

సీడర్ రాపిడ్స్, అయోవా, అమెరికా
ఆగస్టు, ఆదివారం సాయంత్రం

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఫోన్లో చెబుదామంటే నాన్నగారికి సగం వినపడదు, మిగతా సగం చెప్పేలోపు అమ్మ అందుకుంటుంది. అందుకే ఉత్తరం. ఏటి ఒడ్డు పార్కులో మేం గుడారం వేసుకుని ఉన్న ఫోటోలు చూసి మీరిద్దరూ చెరో ప్రశ్న వేశారు. అమ్మ, "అంత ఇల్లు పెట్టుకుని ఏటి ఒడ్డున గుడ్డ కింద పడుకోవడం ఏం ఖర్మరా?" అంది. నాన్నగారేమో, "అక్కడ కాపలా మనిషి కూడా లేడంటున్నావు, మరి డబ్బులెవరు వసూలు చేస్తారు?" అన్నారు. ముప్పయ్యేళ్లు పంచాయతీ ఆఫీసులో రసీదు పుస్తకాలు రాసిన మనిషికి ముందు ఆ సందేహమే రావడం న్యాయమే. అమ్మ ప్రశ్నకు జవాబు చెప్పడం కాస్త కష్టం కాబట్టి ముందు నాన్నగారిదే చెబుతాను.

వసూలు చేసేవాళ్లు ఎవరూ ఉండరు నాన్నగారూ. మేం వెళ్లే పార్కుల్లో చాలావాటికి మొదట్లో ఒక చెక్క బోర్డు, దాని కింద చిన్న డబ్బా, అందులో ఖాళీ కవర్లు ఉంటాయి. కవరు మీద పేరు, కారు నంబరు, ఎన్ని రాత్రులు ఉంటామో రాసి, డబ్బులు లోపల పెట్టి అంటించి, పక్కనే పాతిన ఇనప గొట్టంలో వెయ్యాలి. గొట్టానికి తాళం ఉంటుంది. కవరుకు అతికి ఉన్న చీటీ చింపి మన గుడారం దగ్గరున్న గుంజకు తగిలించాలి. అంతే. రాత్రికి పది, పదిహేను డాలర్లు. పార్కు చూసుకునే రేంజరు ఎప్పుడో ఒక పూట పికప్ బండిలో వచ్చి చీటీలు చూసుకుని, చెయ్యి ఊపి వెళ్లిపోతాడు. చిల్లర ఇచ్చేవాళ్లు ఉండరు కాబట్టి మన దగ్గర ఇరవై నోటే ఉంటే ఇరవయ్యీ పోయినట్టే. అందుకని మీ కోడలు కారులో ఒక డాలరు, ఐదు డాలర్ల నోట్ల కట్ట ఎప్పుడూ ఉంచుతుంది. ఈమధ్య కొన్ని పార్కుల్లో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోమంటున్నారు. నాకు మాత్రం గొట్టమే ఇష్టం.

ఈ పార్కులు ప్రభుత్వానివే, కానీ కేంద్రానివీ కావు, రాష్ట్రానివీ కావు. కౌంటీవి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అయోవాలో 99 కౌంటీలున్నాయి. 1955లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. కౌంటీ ప్రజలు ఓటేసి కావాలనుకుంటే పార్కులు, అడవులు, నీటి ఒడ్లు చూసుకోవడానికి ఒక బోర్డు పెట్టుకోవచ్చని. ఇప్పుడు అన్ని కౌంటీలకూ ఉంది. ఒక్కో బోర్డులో ఐదుగురు సభ్యులు, వాళ్లకు జీతం లేదు. పని చేసే సిబ్బంది వేరే, వాళ్లు జీతగాళ్లే. మా లిన్ కౌంటీలో 2016లో ఇలాంటి భూములకూ, నీళ్ల శుభ్రతకూ 4 కోట్ల డాలర్ల బాండు తీసుకోవచ్చా అని ఓటు పెట్టారు. బాండంటే అప్పే, తీర్చేది ఆస్తి పన్నులోంచి. నూటికి అరవై మంది ఒప్పుకుంటే చాలు, డెబ్బై మందికి పైగా ఒప్పుకున్నారు. ఇంటి పన్ను నోటీసు పట్టుకుని వెళ్తే జనం వీధి చివరనే మాయమైపోయేవారని మీరు చెబుతుంటారు కదా, అందుకే ఇది మీకు రాస్తున్నాను.

ఇంకో సంగతి. ఈ రాష్ట్రంలో 97 శాతానికి పైగా భూమి ప్రైవేటుదే. ఎటు చూసినా మొక్కజొన్న, సోయా. చెరువుల్లేని చోట, కొండల్లేని చోట, చివరికి రోడ్డు అంచు దాకా దున్నేశారు. మరి జనానికి మిగిలిందేమిటంటే నాగలి పట్టని నేల. ఏటా వరద ముంచే ఒడ్లు, నిటారు గట్లు, ఇసుక దిబ్బలు. మన లంకలు అనుకోండి, కాకపోతే ఇక్కడ వాటిలో పంట వెయ్యకుండా చెట్లకు వదిలేశారు. కౌంటీ పార్కులు ఎక్కువగా నది పక్కనే ఎందుకుంటాయో నాకు చాలాకాలం అర్థం కాలేదు. సుందరమైన చోటని ఏరుకుని పెట్టారేమో అనుకునేవాణ్ని. అందం తర్వాతి సంగతి, ముందు అది ఎవరూ సాగు చెయ్యలేని నేల.

మీరు ఫోటోలో చూసింది మాట్సెల్ బ్రిడ్జి అనే చోటు, వాప్సిపినికాన్ నది ఒడ్డున. అందరూ వాప్సీ అంటారు. ఉత్తరాన మిన్నెసోటా సరిహద్దుకు అవతల పుట్టి, దాదాపు 300 మైళ్లు వంకర్లు తిరిగి మిసిసిపీలో కలుస్తుంది. కంకర రోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ వెళ్లి, చెట్ల మధ్య ఖాళీలో కారు ఆపాలి. ఒక బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనప చట్రం, దూరంగా గుంత మరుగుదొడ్డి. కరెంటు లేదు, కుళాయి లేదు, స్నానాల గది లేదు. దీన్నే ఇక్కడ ప్రిమిటివ్ క్యాంపింగ్ అంటారు. కొన్ని పార్కుల్లో చేతి పంపు ఉంటుంది కానీ మేం దాని మీద ఆధారపడం, తాగే నీళ్లు క్యానుల్లో ఇంటి నుంచే పట్టుకెళ్తాం. ఏటి నీళ్లు తాగడం మాట అటుంచు, వాన పడ్డ రెండు మూడు రోజులు పిల్లల్ని అందులో దిగనివ్వను. పొలాల ఎరువులు, పశువుల పేడ అంతా కొట్టుకొచ్చేది అందులోకే.

అమ్మా, మరుగుదొడ్డి సంగతి నువ్వు ఎలాగూ అడుగుతావు. మరీ ఘోరంగా ఏమీ ఉండదు. కాంక్రీటు గది, పైకి గాలి గొట్టం. వాసన గాలిని బట్టి. కాగితం అయిపోయి ఉండొచ్చు కాబట్టి ఒక చుట్ట మన దగ్గరుండాలి. ఇంతకు మించి రాయను.

వరద గురించి మాత్రం భయపడకండి. కృష్ణలో వరదొస్తే మన ఊళ్లో అందరూ ప్రకాశం బ్యారేజి దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో చూస్తూ కూర్చుంటారు కదా, ఇక్కడ నేనూ అదే పని చేస్తాను. అమెరికా భూగర్భ సర్వే సంస్థ నదుల మీద గేజీలు పెట్టింది, నీటి మట్టం ఎప్పటికప్పుడు ఫోన్లో చూసుకోవచ్చు. లెక్క కూడా మన క్యూసెక్కులే. సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని. వాప్సీ మామూలు వేసవిలో వెయ్యికి అటూ ఇటూగా పారుతుంది. 2024 సెప్టెంబరులో బ్యారేజి నుంచి 11 లక్షలకు పైగా వదిలినప్పుడు మీరు రాత్రంతా మేలుకున్నారు, ఆ లెక్కలో ఇది పిల్లకాలువ. కానీ పిల్లకాలువకే కోపం త్వరగా వస్తుంది. పైన ఇండిపెండెన్స్ అనే ఊరి దగ్గర గేజీ ఎక్కుతోందంటే మేం ఆ వారం ఆగిపోతాం. 2008లో మా ఊరి సీడర్ నది పొంగి ఊరి నడిబొడ్డు మునిగింది. ఆ తర్వాత అయోవా యూనివర్సిటీలో వరదల కేంద్రం ఒకటి పెట్టి, వంతెనల కింద సెన్సర్లు బిగించారు. అవీ చూస్తాను.

నీళ్ల కంటే ఇక్కడ గాలికి భయపడాలి. 2020 ఆగస్టు 10న డెరేచో అని ఒక గాలివాన వచ్చింది. సముద్రం వందల మైళ్ల దూరంలో ఉంది, తుఫాను అనడానికి లేదు, కానీ మా ఊళ్లో గంటకు 140 మైళ్ల దాకా వీచిందని అంచనా కట్టారు. ఊరి చెట్ల గొడుగులో సగానికి పైగా పోయింది. 77 ఉప్పెన చూసినవాళ్లకు గాలి గురించి నేను చెప్పేదేముంది. ఇప్పటికీ పార్కులో గుడారం వేసేముందు తల పైకెత్తి ఎండు కొమ్మలున్నాయేమో చూడకుండా ఒక్క మేకు కూడా దించను. సిల్వర్ మేపుల్ చెట్టు నీడ ఎంత చల్లగా ఉన్నా సరే.

కట్టెల సంగతి మీకు నచ్చుతుంది. వేరే చోటి నుంచి కట్టెలు తేకూడదు, దగ్గర్లో కొన్నవే కాల్చాలి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అని ఆకుపచ్చగా మెరిసే ఒక పురుగు ఆసియా నుంచి వచ్చింది. 2002లో మిషిగన్‌లో కనిపించింది, 2010కి అయోవాకు చేరింది. దాని పిల్లలు యాష్ చెట్టు బెరడు కింద తొలుచుకుంటూ పోయి చెట్టుకు నీళ్లెక్కనివ్వవు, కొన్నేళ్లలో చెట్టు ఎండిపోతుంది. అది సొంతంగా ఎగిరి పోయే దూరం తక్కువే, కట్టెలతో పాటు కార్లెక్కి ఊళ్లు దాటింది. మేం దారిలో ఒక పొలం గేటు దగ్గర కట్ట కొంటాం. అక్కడా మనిషి లేడు, కాఫీ డబ్బాలో డబ్బులు వేసి కట్ట తీసుకోవడమే. నాన్నగారు నమ్మరని దాని ఫోటో కూడా తీశాను.

వంట మాత్రం వైభోగంగా సాగుతుంది. మధ్యాహ్నానికి ఇంటి నుంచి పులిహోర, రాత్రికి నిప్పుల మీద వంకాయ కాల్చి పచ్చడి. జూలై ఆఖరు నుంచి ఇక్కడి తీపి మొక్కజొన్న వస్తుంది, పొత్తులు తొక్కలతోనే నిప్పుల్లో పెడతాం. పడుకునేముందు గిన్నెలు, తిండి అంతా కారులో పెట్టి తలుపులెయ్యాలి. రకూన్లని కళ్లకు నల్ల గంతలు కట్టుకున్నట్టుండే జంతువులు, చేతులతో డబ్బా మూతలు కూడా తీస్తాయి. పక్క గుడారంవాళ్ల రొట్టెలు, బేకను ఒక రాత్రిలో ఖాళీ చేశాయి. దోమలు ఉన్నాయి, గోమార్లూ ఉన్నాయి. సాయంత్రం పిల్లల చెవుల వెనక, మోకాళ్ల వెనక వెతకడం మీ కోడలి డ్యూటీ.

ఇక అమ్మ ప్రశ్న. మొన్న జూన్‌లో మా పక్కన ఒక పెద్దాయన దిగాడు. డెబ్బై దాటి ఉంటాయి, రిటైరైన రైతు. ఒక్కడే వచ్చాడు, చిన్న అల్యూమినియం పడవ, నాలుగు గాలాలు. మాట్లాడకుండానే రెండు పూటలు గడిపాడు. మూడో పూట మా నిప్పు ఆరిపోతుంటే ఏమీ అడక్కుండా చేతిలో ఎండు పుల్లలు పట్టుకొచ్చి పెట్టి వెళ్లాడు. సాయంత్రం క్యాట్‌ఫిష్ పట్టాడు, మన జెల్లల్లాగే మీసాలుంటాయి. ఎక్కువైందని మాకు రెండు ఇచ్చాడు, శుభ్రం చేసి మరీ. మీ కోడలి దగ్గర చింతపండు లేకుండా ఉండదని నీకు తెలుసు. పులుసు పెట్టి ఆయనకు గిన్నెలో పంపింది. తిన్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, లీటరు నీళ్లు తాగాడు, మళ్లీ గిన్నె చాపాడు. ఆ తర్వాత కూర్చుని తన పొలం గురించి చెప్పాడు. కొడుకు డెన్వర్‌లో ఉంటాడు, పొలం కౌలుకిచ్చేశాడు. విత్తనం రేటు, కౌలు రేటు అన్నీ చెప్పాడు. నాన్నగారు పక్కనుంటే ఇద్దరూ తెల్లవార్లూ మాట్లాడుకునేవారు, భాష ఎలాగూ మధ్యలో పిల్లలు చూసుకునేవారు.

ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాం అమ్మా, మాకు తెలిసినవాళ్లెవరు? ఆఫీసువాళ్లు, గుడివాళ్లు, ఇండియన్ షాపు ఆయన. పుట్టినరోజులైనా పూజలైనా ఆ నలభై మొహాలే. మా వీధిలో ఎదురింటాయన పేరు నాకు తెలుసు, అంతకు మించి తెలియదు. గ్యారేజీ తలుపు లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు పడుతుంది. కరెంటు, కేబుల్ పెట్టిన పెద్ద క్యాంపు గ్రౌండ్లకూ వెళ్లాం, అక్కడా అంతే, ఎవరి బండిలో వాళ్ల టీవీ. ఏమీ లేని చోటే ఒకరి గొడ్డలి ఇంకొకరికి కావాలి. ఒకరి దగ్గర నీళ్లుంటాయి, ఇంకొకరి దగ్గర పుల్లలుంటాయి. నేనీ రాష్ట్రంలో మనుషులతో మాట్లాడటం ఏటి ఒడ్డునే మొదలుపెట్టాను. ఇది ఖర్మ కాదు. సరదా అని కూడా అనను, వాన పడ్డ రాత్రి వచ్చి చూస్తే నీకే తెలుస్తుంది.

అన్నీ నదులే అనుకోకండి. పక్క జాన్సన్ కౌంటీలో కెంట్ పార్కు చెరువుంది. అయోవా ఈ వైపు పెద్ద చెరువులు చాలామటుకు కట్ట వేసి కట్టినవే. నీళ్లలో నాచు, బాక్టీరియా ఎక్కువై కొన్నేళ్ల కిందట మొత్తం ఖాళీ చేసి, పూడిక తీసి, పైనుంచి వచ్చే మట్టి ఆగేలా చిన్న కుంటలు తవ్వి మళ్లీ నింపారు. నాన్నగారికి ఇది చూపించాలని ఉంది.

మీ వీసా ఇంటర్వ్యూ డేటు రాగానే చెప్పండి. మే ఆఖరున వస్తే మంచిది, అప్పటికి చలి పోతుంది. నవంబరు వద్దు, ఆ అడవుల్లో వేట సీజను, వేటగాళ్లకు కనపడేలా నారింజ రంగు కోట్లు వేసుకుని తిరగడం మంచిది. అమ్మ మోకాళ్లకు నేల మీద పడక కుదరదు కాబట్టి సెంట్రల్ సిటీ దగ్గర పినికాన్ రిడ్జి పార్కులో క్యాబిన్ తీసుకుంటాను. మంచం ఉంటుంది, కరెంటు ఉంటుంది, అదే వాప్సీ ఒడ్డు. నాన్నగారు గుడారమే కావాలంటే పక్కనే వేస్తాను. అమ్మ బీపీ మాత్రలు మూడు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా చేతి సంచీలోనే పెట్టుకోవాలి. చింతపండు ఇక్కడ దొరుకుతుంది, మోసుకు రావద్దు. వడియాలు మాత్రం తేవచ్చు.

పిల్లలు మీ ఇద్దరికీ ముద్దులు చెప్పమన్నారు.

ఇట్లు,
మీ అబ్బాయి