ఇంకుడు గుంతల్ని అక్టోబరులోపు తనిఖీ చేయించండి

చెన్నై కార్పొరేషన్ కమిషనర్ గారికి,

తమిళనాడులో 2003 నాటికే ప్రతి భవనానికీ ఇంకుడు గుంత వంటి వాననీటి సేకరణ ఏర్పాటు తప్పనిసరైంది. అయితే గుంత ఉంటే చాలదు, నీళ్లు పీల్చాలి. డాబా మీది దుమ్ము, ఆకులు గుంతలోని ఇసుక పొరలో చేరి అట్టకడితే నీళ్లు పొంగి వీధి కాలువ దారి పడతాయి. 100 చదరపు మీటర్ల డాబాపై 10 మిల్లీమీటర్ల వానంటే వెయ్యి లీటర్లు మరి!

ఈశాన్య రుతుపవనాలకు ముందే మీ సిబ్బంది ప్రతి గుంతలో నాలుగు బిందెలు పోసి చూడాలి. ఇంకకపోతే పైఇసుక తీసి కడిగించాలి, లేదా మార్పించాలి. తొలివాన మురికి బయటికి పోయేందుకు డాబా నుంచి గుంతకు వచ్చే గొట్టానికి వాల్వు ఉండాలి. బంకమట్టి నేలల్లో లోతు తక్కువ గుంత దండగ. నేల అడుగున ఇసుక పొర తగిలేదాకా బోరు దింపాల్సిందే. స్నానాల గది నీటిని మాత్రం ఇంకుడు గుంతలో కలపనివ్వకండి.

ఇట్లు,
చెన్నై తెలుగువాళ్లం కొందరం