ఉడుము పిల్ల దొరికితే ఎవరికి చెప్పాలి?

సంపాదకుడికి,

అయ్యా,

మొన్న తొలకరి పడిన వారానికి మా చెల్లెలి కొడుకు చొక్కా జేబులో ఉడుము పిల్లను పెట్టుకుని ఇంటికొచ్చాడు. పొలం గట్టు మీద పాత పుట్టను జేసీబీతో చదును చేస్తుంటే బయటపడిందట. జానకు కాస్త ఎక్కువ పొడవు, ఒంటి నిండా పసుపు చుక్కలు. క్షణానికోసారి చీలిన నాలుక చాపి లోపలికి తీసుకుంటోంది. "పెద్దమ్మా, దీన్ని నేనే పెంచుకుంటా. చూడు, వేలు వదలట్లేదు" అన్నాడు. ఉడుంపట్టు అనే మాట వినడమే తప్ప ఎరగని పిల్లవాడికి ఆ చిన్న గోళ్లు తన వేలికి బిగుసుకుంటే ఎంత సంబరమో నాకు అర్థమైంది. ఏళ్ల తరబడి హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని అయ్యుండి కూడా ఆ రోజే వద్దని గట్టిగా చెప్పలేకపోయాను. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వాడు ప్రేమగానే చూసుకున్నాడు. పాత చేపల తొట్టిలో ఇసుక పోసి, ఎండ తగలాలని కిటికీ పక్కన పెట్టాడు. ఫోన్లో వీడియోలు చూసి బోన్‌లెస్ చికెన్ సన్నగా తరిగి పెట్టేవాడు. మొదటి పది రోజులూ బాగా తింది. మూడో వారంలో వెనక కాళ్లు ఈడ్వడం మొదలుపెట్టింది. గచ్చు మీద వదిలితే పొట్ట నేలకు ఆనించి ఈదినట్టు పాకింది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు గారు కింది దవడ మెల్లగా నొక్కి చూసి, ఎముకలు మెత్తబడ్డాయన్నారు. గేదెలకూ మేకలకూ వైద్యం చేసే తనకు ఇంతకు మించి తెలియదని నిజాయితీగా చెప్పారు.

ఎందుకలా అయిందో తర్వాత నేనే కూర్చుని ఆలోచించాను. పొలాల్లో ఉడుము పిల్ల పురుగుల్నీ నత్తల్నీ చిన్న చిన్న కప్పల్నీ పెంకులతో, ఎముకలతో సహా మింగుతుంది. ఎముక తీసేసిన కోడి ముక్కలో ఎముకలకు కావాల్సిన సున్నం (కాల్షియం) ఎక్కడిది? పైగా తిన్న సున్నం ఒంటికి పట్టాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేరుగా తగలాలి. కిటికీ గాజు, తొట్టి గాజు వాటిని ఆపేస్తాయి. పోనీ అదే తొట్టిని బయట ఎండలో పెడితే గంట తిరక్కుండానే లోపలి ప్రాణి ఉడికిపోతుంది. దానికి బాగా కాగిన రాయి ఒకటి కావాలి, వేడెక్కాక పక్కకు తప్పుకునేందుకు చల్లటి చోటు కావాలి, తవ్వుకోను లోతైన మట్టి, ఎక్కను కొమ్మలు కావాలి. పెద్దదయ్యాక అది మీటరు దాటుతుంది. ఆ వీడియోల్లో కనిపించినవి చాలావరకు విదేశీయులు పెంచే ఆఫ్రికా జాతి ఉడుములు. వాళ్ల దేశాల చట్టాలు వేరు, మనవి వేరు.

మన పొలాల్లో తిరిగే ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితోపాటు షెడ్యూల్ 1లోనే, అంటే అత్యంత గట్టి రక్షణ ఉన్న జాబితాలోనే ఉంది. పట్టుకున్నా చంపినా పెంచుకున్నా నేరమే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. ఈ సంగతి ఊళ్లో చాలామందికి లీలగా తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. ఇలాంటి ప్రాణి ఏ విధంగానైనా చేతికొస్తే 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ, అటవీ అధికారికి గానీ చెప్పాలని అదే చట్టంలోని 39వ సెక్షన్ అంటోంది. శిక్ష గురించి విన్నవాళ్లలో ఈ 48 గంటల మాట విన్నవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు. నేనూ వినలేదు.

అందుకే అందరికీ టెన్షన్. "చీకటి పడ్డాక చెరువు గట్టున వదిలేసి చేతులు దులుపుకోండి" అని పక్కింటాయన సలహా ఇచ్చారు. కాళ్లు పడిపోయిన పిల్లను వదిలితే తెల్లారేలోపు కుక్కలకో, కాకులకో బలి. కేసు పెడితే పెట్టనీ అనుకుని అటవీశాఖకు ఫోన్ చేశాను. మొదటి నంబరు పనిచేయలేదు. రెండో చోట "మా రేంజి (అటవీశాఖ పరిధి) కాదు" అన్నారు. మూడో చోట రేపు రమ్మన్నారు. ఐదో రోజు ఒక ఉద్యోగి బైకు మీద, చిల్లులు పెట్టిన చెప్పుల డబ్బాతో వచ్చాడు. మనిషి చాలా మంచివాడు. పిల్లవాణ్ని ఒక్క మాట అనలేదు. "ఇంకో రెండు వారాల ముందు చెప్పాల్సిందమ్మా" అన్నాడు, అంతే. మావాడు రోడ్డు మలుపు దాకా ఆ బైకు వెనకే నడిచాడు.

మాంసం కోసం, నూనె కోసం ఉడుముల్ని చంపడం పాత కథే. మగ ఉడుము జననాంగాలను ఎండబెట్టి, హత్థా జోడి అనే చెట్టు వేరని నమ్మించి పూజకు అమ్ముతున్న మోసం 2017లో బయటపడింది. ఇప్పుడు దీనికి పెంపకం మోజు తోడైంది. "పేపర్లు ఉంటాయి, భయం లేదు" అనే అమ్మకందారుల మాట నమ్మకండి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన రిజిస్ట్రేషన్ నిబంధనలు వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం కింద చట్టంలోని షెడ్యూల్ 4లో చేర్చిన జాతులకు సంబంధించినవి. మన ఉడుముకు ఆ దారి లేదు.

అటవీశాఖను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి రేంజిలో ఒకే ఒక్క నంబరు, ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి, ఆ నంబరు పంచాయతీ గోడ మీద, బడి గోడ మీద ఉండాలి. గడువులోపు తెచ్చి అప్పగించినవాళ్లను, అందులోనూ పిల్లల్ని, బెదిరించబోమని కింద ఒక వాక్యం రాయించాలి. జిల్లాకు ఒక పశువైద్యుడికైనా సరీసృపాల వైద్యంలో శిక్షణ ఇప్పించాలి. గట్లు, పుట్టలు చదును చేసే జేసీబీ డ్రైవర్లకు కూడా ఈ మాట చేరాలి, ఎందుకంటే ఉడుము తరచూ గుడ్లు పెట్టేది పుట్టల్లోనే. ముందుగా వాళ్ల కంట్లోనే పడతాయి.

మీ పత్రికకు ఒక విన్నపం. వచ్చే తొలకరిలోపు రేంజి కార్యాలయాల నంబర్లు సేకరించి, ఒక్కొక్కటికీ ఫోన్ చేసి చూసి, పలికినవి మాత్రమే జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నంద్యాల జిల్లా