సూరిబాబుకు, షకీలా గురించి

విజయనగరం

ప్రియమైన సూరిబాబుకు,

నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న ఫోనులో సినిమా నటి షకీలా పేరు వినగానే నువ్వు పకపక నవ్వి మాట మార్చేశావు. ఉత్తరమైతే మధ్యలో అడ్డం పడలేవు గనుక చెప్పదలచుకున్నది రాసి పంపుతున్నాను.

2023 సెప్టెంబరులో తెలుగు బిగ్‌బాస్ ఏడో సీజన్ మొదలైన రోజున అమ్మ నేలమీద చాప పరుచుకుని, గోంగూర తుంచుకుంటూ టీవీ చూస్తోంది. షకీలా తెరమీదికి రాగానే, "ఎవర్రా ఈవిడ? అచ్చం మన బొబ్బిలి పెద్దమ్మలాగుంది. ఏ సినిమాల్లో ఏసిందేటి?" అని అడిగింది. నేను తడుముకోకుండా "జయంలో లెక్చరరుగా వేసిందమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. 2002లో తేజ తీసిన ఆ సినిమాలో ఆవిడ నిజంగానే ఉంది. అయితే నిజంలో ఎంత భాగాన్ని నోట్లోనే మింగేశానో నీకు వేరే చెప్పనక్కరలేదు.

మావయ్య క్యాంటీను లీజుకు తీసుకున్న ఆ హాలు గుర్తుందా? మనం డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, మలయాళం నుంచి డబ్బింగు అయిన ఆవిడ సినిమాలు అక్కడ మార్నింగ్ షోలుగా పడేవి. పోస్టర్లు అంటించే కుర్రాడు మైదా ఉడకబెట్టి, చెదలు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురు బకెట్టును సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని, తెల్లవారకముందే మూడు లాంతర్ల నుంచి కోట దాకా గోడలన్నీ చుట్టివచ్చేవాడు. పోలీసులు అభ్యంతరం చెబుతారని బొమ్మ మీద అక్కడక్కడ తెల్ల కాగితం ముక్కలు కూడా అతికించేవాడు గాని, ఆ కాగితాలే జనాన్ని ఎక్కువగా ఆపేవి. హాలు నిండా జనమున్నా మావయ్య సమోసాలు మాత్రం మిగిలిపోయేవి, ఎందుకంటే విశ్రాంతిలో దీపాల వెలుగులోకి వచ్చి ముఖం చూపించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. దీపాలు ఆరాక దూరి, వెలగకముందే జారుకునే ఆ గుంపులో మనిద్దరమూ ఉన్నాం.

ఆవిడ మద్రాసు కోడంబాకంలో పుట్టినా, తల్లిది మన నెల్లూరు. 1995లో వచ్చిన ప్లేగర్ల్స్ అనే తమిళ సినిమాలో చిన్న వేషంతో మొదలుపెట్టింది, అందులో సిల్క్ స్మిత కూడా ఉంది. ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టిన స్మిత మరుసటి ఏడాది, 1996 సెప్టెంబరు 23న, మద్రాసులో చనిపోయింది. ఒకామె కథ ముగుస్తూ ఉండగా మరొకామె అదే గుమ్మంలో అడుగుపెట్టడం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. 2000లో మలయాళంలో కిన్నారత్తుంబికళ్ విడుదలయ్యాక షకీలా పేరే ఒక సరుకైపోయింది. తక్కువ ఖర్చుతో, కొద్ది రోజుల్లో చుట్టేసిన ఆ సినిమాలు కేరళలో పెద్ద హీరోల సినిమాలకు పోటీగా ఆడాయి. సెన్సారు వారు పెద్దలకు మాత్రమే అని "ఎ" సర్టిఫికెట్ ఇచ్చిన రీళ్ళ మధ్య, వారికి చూపించని ముక్కలను హాళ్ళలో కలిపేసేవారు. మనం "బిట్లు" అనుకున్నవి అవే. వాటిలో తనకు బదులుగా డూపులను వాడిన సందర్భాలున్నాయని ఆవిడ ఆ తరువాత చెప్పింది. తన ముఖానికి వేరొకరి ఒళ్ళు తగిలించి అమ్మారన్నమాట! డబ్బు హాళ్ళవారికీ నిర్మాతలకూ చేరింది, పేరు మాత్రం ఆవిడ ఒక్కర్తికే అంటుకుంది. ఇంటిల్లిపాదినీ పోషించడానికే ఈ పని చేశానని, సంపాదన తన చేతిలో నిలవలేదని ఆవిడ ఎన్నో ఇంటర్వ్యూలలో చెప్పుకుంది.

కొన్నేళ్ళకు ఆ గాలి తగ్గింది, ఆవిడ కూడా ఆ రకం సినిమాలు మానేసి హాస్య పాత్రలకు మళ్ళింది. 2007లో మోహన్‌లాల్ సినిమా ఛోటా ముంబైలో షకీలాగానే కనిపించింది, 2013లో మలయాళంలో ఆత్మకథ వెలువరించింది. ఆవిడ జీవితం మీద 2020లో హిందీలో సినిమా వచ్చింది. వీటన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది తమిళ వంటల కార్యక్రమం కుక్ విత్ కోమాళి రెండో సీజన్. ఫైనల్ దాకా వెళ్ళిన ఆవిణ్ణి అక్కడి కుర్రకారంతా నోరారా "అమ్మా" అని పిలిచారు. మన ఈడు మగాళ్ళు ఇరవై ఏళ్ళ పాటు గుసగుసగా పలికిన పేరును వాళ్ళు ఎంత తేలికగా కడిగేశారో చూడు! ఆ పిల్లలు మనకంటే సంస్కారవంతులని నా అభిప్రాయం. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

బిగ్‌బాస్‌లో రెండో వారమే ఆవిణ్ణి పంపించేశారు. అమ్మకు కోపం వచ్చి, "ఏటిరా ఈ అన్నేయం? పెద్దమనిషిని అలాగ పంపేత్తారా?" అని ఆ రాత్రి భోజనం దగ్గర కూడా గొణుగుతూనే ఉంది. ఇప్పటికీ అప్పుడప్పుడు, "ఆ పెద్దమ్మ మరే సినిమాల్లోనూ ఎయ్యలేదేటిరా?" అని అడుగుతూనే ఉంటుంది. పైడితల్లి సిరిమాను పండగకు నువ్వు ఎలాగూ వస్తావు గనుక, ఈసారి ఆ ప్రశ్నకు నువ్వే సమాధానం చెప్పు. నాకు జయం తప్ప మరో పేరు నోట రావడం లేదు.

ఇట్లు,
నీ రామం