పాత తుఫాన్ల లెక్కతో రేపటి తుఫాన్లకు సిద్ధం కాగలమా?

సంపాదకులకు,

అయ్యా,

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన ప్రతిసారీ పత్రికల్లోనూ టీవీ చర్చల్లోనూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఇది వాతావరణ మార్పు వల్ల వచ్చిందా, కాదా? ఒకరు అవునంటారు, తుఫాన్లు తాతల కాలం నుంచీ ఉన్నవేనని మరొకరంటారు, అక్కడితో చర్చ ముగుస్తుంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా తుఫాన్లను అధ్యయనం చేసిన వాతావరణ శాస్త్రవేత్త కెర్రీ ఇమాన్యుయెల్ పరిశోధనలు చదివినవారికి, ఈ ప్రశ్నతో మనం కాలం వృథా చేసుకుంటున్నామని అనిపించక మానదు.

ఆయన తుఫానును ఒక ఉష్ణయంత్రంగా చూశారు. వెచ్చని సముద్రం నుంచి ఆవిరైన నీరు వేడిని మోసుకుని పైకి వెళుతుంది. ఎక్కడో పదిహేను కిలోమీటర్ల ఎత్తున, సున్నాకు చాలా దిగువన ఉండే చలిలో ఆ వేడి విడుదలవుతుంది. ఈ రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా నుంచే సుడిగాలికి శక్తి అందుతుంది. 1980ల రెండో సగంలో ఆయన రూపొందించిన ఈ సిద్ధాంతంతో, ఒక ప్రాంతపు సముద్రంపైన తుఫాను గాలి గరిష్ఠంగా ఎంత వేగాన్ని అందుకోగలదో లెక్కగట్టడం సాధ్యమైంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ ఆ గరిష్ఠ హద్దు కూడా పెరుగుతుందని ఆయన 1987లోనే రాశారు. భూతాపం ఇంకా వార్త కాని రోజులవి.

2005 ఆగస్టులో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వెలువడిన ఆయన వ్యాసం పెద్ద చర్చనే లేపింది. తుఫాన్లు ఎన్ని వచ్చాయన్న లెక్కను పక్కనపెట్టి, ఒక్కొక్క తుఫాను తన జీవితకాలంలో ఖర్చు చేసే శక్తిని ఆయన కొలిచారు. ఈ శక్తి గాలి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వేగం పది శాతం పెరిగితే శక్తి మూడో వంతు పెరుగుతుంది. 1970ల మధ్య నుంచి ఈ కొలత గణనీయంగా పెరిగిందనీ, సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతతో పాటే అది పెరుగుతోందనీ ఆయన చూపించారు. కొద్ది వారాలకే కత్రినా తుఫాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచేయడంతో ఆయన పేరు మారుమోగింది. పాత గాలి రికార్డులు ఎంతవరకు నమ్మదగినవన్న విమర్శలూ వచ్చాయి. ఆయన వాటికి శాస్త్రీయంగానే బదులిచ్చారు. అంతేకాదు, 2008లో తానే మరో పద్ధతిలో చేసిన అధ్యయనంలో కొన్ని సముద్రాల్లో తుఫాన్ల సంఖ్య తగ్గవచ్చని తేలితే, ఆ ఫలితాన్నీ దాచకుండా ప్రచురించారు. ఆయన మాటపై నాకు గౌరవం పెరిగింది ముఖ్యంగా ఇందుకే.

తీరంలో ఉండేవారికి అన్నిటికన్నా అక్కరకు వచ్చేది, నా దృష్టిలో, ఆయన తర్వాత చేసిన పని. నమ్మకమైన తుఫాను రికార్డు చాలా తీరాలకు కొన్ని దశాబ్దాలకు మించి ఉండదు. నూరేళ్లకోసారి వచ్చే ఉపద్రవాన్ని అంత చిన్న చరిత్రతో అంచనా వేయలేం. అందుకని ఆయన బృందం కంప్యూటర్ వాతావరణ నమూనాల్లో వేలాది బలహీన సుడులను ప్రవేశపెట్టి, వాటిలో ఏవి తుఫాన్లుగా ఎదుగుతాయో, ఎక్కడ తీరం దాటుతాయో, ఎంత వాన కురిపిస్తాయో భౌతికశాస్త్ర సూత్రాల ప్రకారం గణిస్తుంది. 2017లో హార్వీ హరికేన్ (అమెరికాలో పెద్ద తుఫానును ఇలా పిలుస్తారు) హ్యూస్టన్ నగరం చుట్టుపక్కల కదలకుండా నిలబడి, కొన్నిచోట్ల 1,500 మిల్లీమీటర్లకు పైగా వాన కురిపించాక, ఇదే పద్ధతిలో టెక్సాస్ రాష్ట్రానికి ఆయన లెక్క చెప్పారు. 500 మిల్లీమీటర్ల తుఫాను వాన ఒక ఏడాదిలో పడే అవకాశం 1981-2000 మధ్య ఒక శాతం. కర్బన ఉద్గారాలు ఇలాగే పెరుగుతూ పోతే ఈ శతాబ్దం చివరి రెండు దశాబ్దాల్లో 18 శాతం. 2017 నాటికే సుమారు ఆరు శాతం. వాతావరణ మార్పు అవునా కాదా అన్న వాదన కన్నా, కరకట్ట ఎత్తు నిర్ణయించే ఇంజినీరుకు కావలసింది ఇలాంటి అంకెలు.

మచిలీపట్నంలో ఉండేవాళ్లం కనుక ఈ విషయం మాకు మరీ దగ్గరిది. 1864 ఉప్పెనలో ఈ పట్టణ ప్రాంతంలో దాదాపు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పోయినవారు పది వేలకు పైమాటే. ఆ తర్వాత వచ్చిన పెద్ద తుఫాన్లలో ప్రాణనష్టం బాగా తగ్గిందంటే అందుకు ముందస్తు హెచ్చరికలూ, సకాలంలో జనాన్ని తరలించడమూ కారణం. వాతావరణ శాఖకు ఆ ఘనత దక్కి తీరాలి. అయితే ఈ రక్షణంతా ముందుగా దొరికే ఒకటి రెండు రోజుల వ్యవధి మీద ఆధారపడి ఉంది. తీరం దాటే ముందు 24 గంటల్లోనే తుఫాను ఒక్కసారిగా బలపడే సందర్భాలు భూతాపంతో పెరుగుతాయని ఇమాన్యుయెల్ 2017లోనే హెచ్చరించారు. 2023 అక్టోబరులో మెక్సికోలోని అకపుల్కోను తాకిన ఓటిస్ తుఫాను ఒక్క రోజులోనే సాధారణ తుఫాను స్థాయి నుంచి, గాలి వేగాన్ని బట్టి ఇచ్చే శ్రేణుల్లో అత్యున్నతమైన అయిదో శ్రేణికి చేరింది.

మా ఊరి గిలకలదిండి రేవు నుంచి ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకుని రోజుల తరబడి వేటకు వెళ్లే మర పడవలను తలచుకోండి. కబురు అందాక వలలు లాక్కుని, ఒడ్డుకు తిరిగి రావడానికి వారికి ఒక పగలో ఒక రాత్రో పడుతుంది. ఆ ఒక్క రాత్రిలోనే వాయుగుండం తీవ్ర తుఫానుగా మారితే ఏ నంబరు ప్రమాద సూచిక ఎగరేసినా ప్రయోజనమేముంది? ఇక 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ సమయంలో కోసిన పనలు నీళ్లలో తేలిన రైతును అడిగితే, తనను ముంచింది గాలి కన్నా వానేనని చెబుతాడు.

మరొక్క సంగతి. 2006లో, భూతాపం ప్రభావంపై పరస్పరం విభేదించిన మరో తొమ్మిదిమంది శాస్త్రవేత్తలతో కలిసి ఇమాన్యుయెల్ ఒక ప్రకటనపై సంతకం చేశారు. శాస్త్ర చర్చ ఎటు తేలినా, అమెరికా తీరంలో అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతున్న జనసాంద్రత, నిర్మాణాలే తక్షణ ప్రమాదమని ఆ పదిమందీ అన్నారు. తీరం వెంట కట్టడాలు లేస్తున్న మన రాష్ట్రానికీ ఆ మాట వర్తిస్తుంది.

అందువల్ల నా మనవి రెండు విషయాలు. కరకట్టలకూ, మురుగు కాల్వలకూ, తుఫాను షెల్టర్లకూ ఏ సంవత్సరాల వర్షపాతం, ఏ ఉప్పెన ఎత్తు ఆధారంగా కొలతలు నిర్ణయించారో, వేడెక్కుతున్న బంగాళాఖాతానికి ఆ కొలతలు ఎంతవరకు సరిపోతాయో ప్రభుత్వం జిల్లాలవారీగా ప్రకటించేలా మీ పత్రిక అడగాలి. అలాగే తుఫాను వార్త మొదటి పేజీలో వేసేటప్పుడు గాలి వేగంతో పాటు, వాతావరణ శాఖ అంచనా వేసిన ఉప్పెన ఎత్తునూ వానను కూడా అంతే పెద్ద అక్షరాల్లో ప్రచురించాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
మచిలీపట్నం