నల్లా వచ్చే రోజున ఆలస్యం: పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో ఒక సర్కారు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు. ముందు నా తప్పు చెప్పుకుని, ఆ తర్వాత బళ్లలో పిల్లల్ని నలుగురిలో అవమానించడం ఆపడానికి అడగాల్సింది అడుగుతాను.

పోయినేడాది మా ఏడో తరగతిలో ఒక అమ్మాయి తరచూ ఆలస్యంగా వచ్చేది. ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్లను గేటు లోపల వరసగా నిలబెట్టడం మా దగ్గర ఆనవాయితీ. మిగతా పిల్లలు వాళ్లను చూసుకుంటూ క్లాసులకు పోతారు. ఆ పిల్ల తల దించుకుని, తడిసిన చున్నీ అంచు పిండుకుంటూ నిలబడేది. ఎందుకు తడిసిందని మేమెవరం అడగలేదు.

మూడు నెలల తర్వాత లేటు పట్టిక కూడుతుంటే కనబడింది. ఒక వారం సోమ, బుధ, శుక్ర. మరుసటి వారం మంగళ, గురు, శని. రోజు విడిచి రోజు అన్నమాట! లెక్కల మాస్టారిని నేను, ఆ వరస పట్టుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. పిలిచి అడిగితే ఒకటే ముక్క చెప్పింది: "నల్లా, సార్." మన ఊళ్లో చాలా బస్తీల్లో నీళ్లు రోజు విడిచి రోజే కదా. వాళ్లమ్మ పొద్దున్నే అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్తుంది. నాలుగు కుటుంబాలకు ఒకే నల్లా. డ్రమ్ములు నింపి వచ్చే బాధ్యత పిల్లది.

ఆలస్యమైనా సరే, నేరుగా క్లాసుకు వచ్చి కూర్చోమన్నాం. పైసా ఖర్చు లేదు. "ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు" అని స్టాఫ్‌రూమ్‌లో ఒకరు అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, నేనూ అదే మాట చాలాసార్లు అన్నవాణ్నే.

సామాజిక, భావోద్వేగ అభ్యసనం అనే పెద్ద మాట శిక్షణల్లో వింటున్నాం. 2020 జాతీయ విద్యా విధానంలోనూ ఉంది. కోపం వస్తే ఏం చేయాలి, బాధ ఎవరికి ఎలా చెప్పుకోవాలి, పక్కవాడి కష్టం ఎలా కనిపెట్టాలి... ఇవి పిల్లలకు అలవాటు చేయడమే కదా. అయితే ఇదీ ఒక పుస్తకం, ఒక పీరియడ్, ఒక రిజిస్టర్‌గా వచ్చిపడుతుందేమోనని నా టెన్షన్. సీసీఈ (ఏడాది పొడవునా పిల్లల్ని అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చినప్పటి నుంచి మార్కుల రికార్డుల్లో 'విలువల విద్య, జీవన నైపుణ్యాలు' అనే గడి ఉంది. దాన్ని ఎలా నింపుతామో నిజం చెప్పనా? ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే ముందు రాత్రి, లెక్కల మార్కులు చూసి. మార్కులు బాగా వచ్చినవాడికి విలువల్లోనూ ఏ గ్రేడే. నేనూ అలాగే వేశాను.

ఢిల్లీలో 2018లో ఎనిమిదో తరగతి దాకా రోజూ ఒక హ్యాపీనెస్ క్లాసు పెట్టారు. దాన్ని తప్పుపట్టను. కానీ మొదటి పీరియడ్లో కళ్లు మూసుకుని శ్వాస గమనించమని, రెండో పీరియడ్లో ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కులు కింది నుంచి పైకి గట్టిగా చదివితే, పిల్లవాడికి గుర్తుండేది రెండో పీరియడే.

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమందీ అంతకు మించీ పిల్లలున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలి. మానసిక వేధింపును విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2009లోనే నిషేధించింది. కొత్త చట్టం అక్కర్లేదు. ఏమేం మానాలో పేరుపెట్టి చెప్పే ఒక్క పేజీ సర్క్యులర్ చాలు: గేటు దగ్గర నిలబెట్టడం, మార్కులు పైకి చదవడం, ఫీజు కట్టలేదని ప్రైవేటు బళ్లలో పిల్లల్ని బయట కూర్చోబెట్టడం.

కౌన్సెలర్లు రాత్రికి రాత్రి దొరకరని తెలుసు. మా బడికి ఇంకా రాలేదు. అందాకా స్కూల్ కాంప్లెక్స్‌కు, అంటే చుట్టుపక్కల బళ్లన్నిటి గుంపుకు, ఒకరినైనా ఇవ్వండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడేవాళ్లున్నారని ప్రతి నోటీసు బోర్డు మీదా రాయించండి.

ఇంకోటి, చెప్పడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది. పదో తరగతి ఉత్తీర్ణత శాతం తగ్గితే సమీక్షల్లో మమ్మల్ని నిలబెట్టి, అందరి ముందూ కారణం అడుగుతారు. గేటు దగ్గరి పిల్లల్లాగే తల దించుకుంటాం. మర్నాడు ఆ కోపం ఎవరి మీదికి పోతుందో మీకు తెలియంది కాదు. కాంప్లెక్స్ సమావేశాల్లో ప్రజెంటేషన్లు తగ్గించి, ఒక పూట మమ్మల్ని మాట్లాడనివ్వండి. ఒక్కొక్కరం మాకు అర్థం కాని ఒక్క పిల్లాడి గురించి. నా నల్లా సంగతి అలాంటిచోట మూడు నెలల ముందే తేలేది, పక్క బడి టీచరు ఎవరో ఒకరు చెప్పేవారు.

ఈసారి ఏదైనా బడి తనిఖీకి వెళ్తే, రికార్డులు తెరిచే ముందు గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఆలస్యంగా వచ్చిన పిల్లతో ఎవరు ముందు మాట్లాడారో, ఏమన్నారో వినండి.

ఆ నల్లా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతికి వచ్చింది. నల్లా టైము మారలేదు. రోజు విడిచి రోజు మొదటి పీరియడ్ సగంలో వస్తుంది, పక్కపిల్ల నోట్సు జరుపుతుంది, కూర్చుంటుంది.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు, హైదరాబాద్
(పేరు రాయలేదు. సర్వీసు రూల్స్ మీకు తెలియనివి కావు.)